మంచు లెవెల్ బాణీల్లో మీకు నప్పేది ఏది?

వీడియో గేముల్లో మంచు లెవెల్ మొదలుకాగానే కాళ్లు జారుతాయి, తెర తెల్లబడుతుంది, దాదాపు ప్రతిసారీ సంగీతం తీరు కూడా మారిపోతుంది. ఎడారి, అడవి, లావా గుహల బాణీలను ఎప్పుడో మరిచిపోయినవారికి సైతం మంచు లెవెల్ బాణీ ఏళ్ల తరబడి గుర్తుండటం నేను చాలామందిలో గమనించాను. అయితే ఆ ఇష్టం అందరిదీ ఒకటి కాదు. మువ్వలు మోగే ఉల్లాసమైన బాణీ కోరుకునేవారి చేతిలో గడ్డకట్టిన లోయ ఒంటరితనాన్ని వినిపించే బాణీని పెడితే, అది ఎంత గొప్పదైనా వారికి నిరాశే మిగులుతుంది. పని చేసుకుంటూ వినడానికి ఏదైనా కావాలన్నవారికి పరుగు పెట్టించే బాణీని సూచించినా ఫలితం అంతే.

అందువల్ల "అన్నిటికన్నా గొప్పది ఏది" అనే ప్రశ్నను ఇక్కడ పక్కన పెట్టి, 1993 నుంచి 2018 వరకు వచ్చిన గేముల్లో తరచుగా చర్చకు వచ్చే మంచు బాణీలను కొన్ని కొలమానాల మీద పోల్చి, ఎవరికి ఏది సరిపోతుందో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం: చలిని నిజంగా ఒంటికి తెలియజేసేవి స్వరాల మధ్య ఖాళీ వదిలే బాణీలేనని నా నమ్మకం. మువ్వల సవ్వడి పెరిగేకొద్దీ పండుగ దగ్గరవుతుంది, చలి దూరమవుతుంది. ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కింది పోలికలను కొంచెం తిరగేసి చదువుకోవచ్చు.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, మీకు కావలసింది ఏ మంచు అన్నది. గడ్డి కొనమీద నిలిచే బిందువును, దారి కనబడనివ్వని తెల్లటి పొగను, ఆకాశం నుంచి రాలే రేకులను, రాయిలా గడ్డకట్టిన నీటిని తెలుగులో మంచు అనే ఒక్క మాటతోనే చెప్పుకోగలం. సంగీతం దగ్గరకు వచ్చేసరికి మాత్రం చివరి రెండింటినీ విడదీసి చూడాలి. కొత్తగా కురిసిన మంచులో గాలి నిండిన సందులు ఎక్కువగా ఉంటాయి కనుక అది శబ్దాన్ని పీల్చుకుంటుంది. హిమపాతం తర్వాత లోకమంతా ఎవరో దుప్పటి కప్పినట్టు నిశ్శబ్దంగా అనిపించడానికి కారణం అదే. గడ్డకట్టిన మంచు గోడలు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, శబ్దాన్ని తిప్పి కొడతాయి. ఈ లెక్కన కురిసే మంచుకు రాసిన బాణీ పొడిగా, దగ్గరగా వినిపించాలి, మంచు గుహకు రాసిన బాణీ ప్రతిధ్వనిస్తూ దూరం నుంచి రావాలి. చాలా గేములు ఈ తేడాను పట్టించుకోకుండా రెండింటికీ ఒకే రకమైన ప్రతిధ్వని పూసి వదిలేస్తాయి. 1994లో సూపర్ నింటెండో అనే గేమ్ యంత్రానికి వచ్చిన డాంకీ కాంగ్ కంట్రీ అలా చేయలేదు. అందులోని గొరిల్లా గ్లేసియర్ అనే ఒకే ప్రాంతంలో, ఆరుబయట మంచు తుపానుకు 'నార్తర్న్ హెమిస్ఫియర్స్' అనే బాణీ, జారుడు గుహకు 'ఐస్ కేవ్ చాంట్' అనే మరో బాణీ వినిపిస్తాయి. రెండింటినీ కూర్చింది ఎవలిన్ ఫిషర్ ఒక్కరే. ఈ రెండింటినీ వెంటవెంటనే విని ఏది ఎక్కువ నచ్చిందో చూసుకుంటే, కింది జాబితాలో మీ దారి సగం తేలినట్టే.

రెండోది పునరావృతిని తట్టుకునే శక్తి. పాత గేముల బాణీలు చాలావరకు నిమిషం, రెండు నిమిషాల నిడివితో మొదలుకు తిరిగి వచ్చే లూపులు. లెవెల్‌లో పదిసార్లు ఓడిపోతే అదే బాణీ ఇరవైసార్లు వినాలి. కొన్ని బాణీలు ఐదో చుట్టుకే విసుగు పుట్టిస్తాయి, కొన్ని ఎన్నిసార్లు విన్నా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలియనివ్వవు.

మూడోది, ఆ బాణీ మన ధ్యాసను ఎంతగా లాక్కుంటుందనేది. పాడుకోదగిన వరుస బలంగా ఉన్న బాణీ మనసును తన వైపు లాక్కుంటుంది. పరచుకున్నట్టు ఉండే బాణీ గదిలోని గాలిలా ఉండిపోతుంది. రెండూ మంచివే కానీ ఒకదాని పని రెండోది చేయదు.

నాలుగోది, గేమ్ ఆడకుండా విన్నా నిలబడుతుందా అన్నది. కొన్ని బాణీల బలం సగం అవి వచ్చే సందర్భంలోనే ఉంటుంది. ఆ గేమ్ ఆడనివారు అవి వింటే "బాగానే ఉంది" అని ఊరుకుంటారు, ఆడినవారికి మాత్రం కళ్లు చెమర్చుతాయి.

ఒక్క చూపులో

| గేమ్, సంవత్సరం | మంచు స్వభావం | పదేపదే వినడం | ధ్యాసను లాగడం | గేమ్ ఆడకుండా |
|---|---|---|---|---|
| మెట్రాయిడ్ ప్రైమ్, 2002 | ఏకాంతం, అబ్బురం | చాలా బాగా తట్టుకుంటుంది | తక్కువ | నిలబడుతుంది, ఆడితే రెట్టింపు |
| సోనిక్ 3, 1994 | వేగం, జారుడు | బాగా తట్టుకుంటుంది | చాలా ఎక్కువ | పూర్తిగా నిలబడుతుంది |
| డాంకీ కాంగ్ కంట్రీ 2, 1995 | గుహ, దిగులు | బాగా తట్టుకుంటుంది | మధ్యస్థం | పూర్తిగా నిలబడుతుంది |
| సూపర్ మారియో 64, 1996 | ఆట, మువ్వలు | త్వరగా విసుగు | ఎక్కువ | కొంతవరకు |
| బాంజో-కజూయీ, 1998 | పండుగ | గేమ్‌లో బాగా, బయట తక్కువ | ఎక్కువ | కొంతవరకు |
| స్టార్‌డ్యూ వ్యాలీ, 2016 | విశ్రాంతి | చాలా బాగా తట్టుకుంటుంది | తక్కువ | నిలబడుతుంది |
| సెలెస్ట్, 2018 | పట్టుదల | బాగా తట్టుకుంటుంది | మధ్యస్థం | పూర్తిగా నిలబడుతుంది |
| ఫ్రాస్ట్‌పంక్, 2018 | ముప్పు | పదేపదే వినడానికి కాదు | చాలా ఎక్కువ | నిలబడుతుంది, బరువుగా |

పట్టికలో చోటు దొరకని మరికొన్నింటి ప్రస్తావన దిగువన వస్తుంది.

మెట్రాయిడ్ ప్రైమ్: ఫెండ్రానా డ్రిఫ్ట్స్

మంచు లెవెల్ సంగీతం అంటే ఏమిటో తెలియనివారికి ఒక్కటే వినిపించే అవకాశం ఉంటే నేను వినిపించేది దీన్నే. కెంజీ యమమోతో, కోయిచి క్యూమా కలిసి పనిచేసిన ఈ గేమ్ సంగీతంలో ఫెండ్రానా ప్రాంతపు బాణీకి ఉన్న పేరు మిగతావాటికి లేదు. ఆ పేరు రావడంలో లెవెళ్ల అమరికకు కూడా వాటా ఉంది. ఫెండ్రానాకు చేరాలంటే ముందుగా మాగ్మూర్ అనే లావా గుహల గుండా రావాలి. అక్కడ తెరంతా ఎరుపు, ఆవిరి తగిలితే హెల్మెట్ అద్దం మసకబారుతుంది, వెనుక బరువైన మంద్ర స్వరాల మోత సాగుతూ ఉంటుంది. లిఫ్టు ఎక్కి, ఒకటి రెండు గదులు దాటి తలుపును తుపాకీతో కాల్చి తెరిస్తే ఎదురుగా తెల్లటి తీరం, మెల్లగా రాలే మంచు, గాజు గంటల్లాంటి ధ్వనులు ఒకదాని వెనుక ఒకటి. మొదటిసారి ఆడినప్పుడు నేను ఆ తలుపు దగ్గరే కదలకుండా చాలాసేపు నిలబడ్డాను. శత్రువు వచ్చి కొట్టాక గానీ కదలలేదు.

ఈ బాణీలో వరుస ఉంది కానీ అది పాడుకోమని బలవంతపెట్టదు. చిన్న స్వరాల గుంపులు పైస్థాయిలో మెరిసి ఆగుతాయి, కింద తాళం నెమ్మదిగా నడుస్తుంది, వాటి నడుమ ఉన్న ఖాళీని చెవి తనంతట తానే చలిగాలితో నింపుకుంటుంది. అందుకే గంటసేపు వదిలేసినా విసుగు రాదు. దీని లోటు ఏమిటంటే, లావా నుంచి మంచులోకి వచ్చే ఆ మలుపు లేకుండా వినేవారికి ఇది అందమైన నేపథ్య సంగీతంగా మాత్రమే అనిపించవచ్చు. వీలైతే గేమ్ ఆడి వినడమే మేలు. 2023లో దీనికి మెరుగుపరిచిన రూపం నింటెండో స్విచ్ అనే యంత్రానికి వచ్చింది కనుక పాత యంత్రం కోసం వెతుక్కోవలసిన అవసరం లేదు.

సోనిక్ 3: ఐస్‌క్యాప్ జోన్

ఫెండ్రానా ఒక కొస అయితే ఐస్‌క్యాప్ మరో కొస. కొండపై నుంచి మంచు పలక మీద జారుకుంటూ మొదలయ్యే ఈ లెవెల్‌లో బాణీ మొదటి స్వరం నుంచే పరుగు అందుకుంటుంది. ఇక్కడ చలి ముఖానికి కొట్టే గాలి రూపంలో వస్తుంది, నిశ్శబ్దానికి తావే లేదు. ఈ గేమ్ నడిచిన మెగా డ్రైవ్ అనే యంత్రంలోని యమహా వైఎం2612 చిప్‌కు ఎఫ్‌ఎం పద్ధతిలో (ఒక తరంగంతో మరో తరంగాన్ని మార్చి) ధ్వని పుట్టించే ఛానెళ్లు, అంటే ఒకేసారి మోగగల స్వరాల దారులు, 6 మాత్రమే ఉంటాయి. డ్రమ్ముల వంటి రికార్డు చేసిన ధ్వని కావాలంటే అందులో ఒకటి వదులుకోవాలి. ఎఫ్‌ఎం పద్ధతికి లోహపు గంటల్లాంటి పదునైన ధ్వని సహజంగా అబ్బుతుంది కాబట్టి, వేరే చోట లోపంగా అనిపించే ఆ కరకుదనం మంచు దగ్గర గుణంగా మారింది.

ఈ బాణీ వెనుక ఒక విచిత్రమైన కథ కూడా ఉంది. ఈ గేమ్ సంగీతంలో పనిచేసిన బ్రాడ్ బక్సర్ ఒకప్పుడు సభ్యుడిగా ఉన్న ది జెట్‌జన్స్ అనే బృందం 1980ల ఆరంభంలో రికార్డు చేసి విడుదల చేయకుండా ఉంచిన 'హార్డ్ టైమ్స్' అనే పాట 2008లో బయటికి వచ్చింది. అది విన్న అభిమానులు ఐస్‌క్యాప్ మూలం ఇదేనని తర్వాత గుర్తుపట్టారు. రెండింటి వరుస ఒకటే. అంటే మంచు లెవెల్ బాణీగా పేరు మోసిన ఇది, పుట్టుకలో మంచుతో ఏ సంబంధమూ లేని పాప్ పాట. నా దృష్టిలో ఇది ఆ బాణీకి చిన్నతనం కాదు. గేమ్ వెలుపల విన్నా పూర్తిగా నిలబడటానికి కారణం బహుశా అదే.

ఎంచుకునేముందు ఒక హెచ్చరిక. 2022లో వచ్చిన సోనిక్ ఆరిజిన్స్ అనే సంకలనంలో ఈ లెవెల్‌కు ఆ ప్రసిద్ధ బాణీ ఉండదు, దాని స్థానంలో వేరే బాణీ పెట్టారు. "అందరూ ఇంతగా పొగుడుతున్నది దీన్నేనా?" అని అనుమానం వస్తే మీరు విన్నది ఏ రూపమో ముందు చూసుకోండి. ఇంకొక మాట: పని చేసుకుంటూ దీన్ని వినవద్దు. నేను ఒకసారి ఒక వ్యాసం దిద్దుతూ దీన్ని పెట్టుకున్నాను. టైపింగ్ వేగం పెరిగిన మాట నిజమే కానీ, ఆ గంటలో దిద్దినదాన్ని మళ్లీ దిద్దడానికి ఇంకో గంట పట్టింది.

ఇదే కోవలో మరొకటి కావాలంటే 1993 చివర్లో వచ్చిన మెగా మ్యాన్ ఎక్స్‌లోని చిల్ పెంగ్విన్ లెవెల్ ఉంది. అది దాదాపు రాక్ సంగీతం. హుషారు కోసం వినండి, చలి మాత్రం అందులో వెతకవద్దు.

డాంకీ కాంగ్ కంట్రీ 2: ఇన్ ఎ స్నో-బౌండ్ ల్యాండ్

సాంకేతిక ఆసక్తి ఉన్నవారు ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇది. సూపర్ నింటెండో సౌండ్ విభాగానికి 8 ఛానెళ్లు, 64 కిలోబైట్ల మెమరీ ఉంటాయి. వాద్యాల శాంపిళ్లు (రికార్డు చేసిన చిన్న ధ్వని ముక్కలు), స్వరాల వరుస, ప్రతిధ్వని అన్నీ ఆ 64 కిలోబైట్లలోనే సర్దుకోవాలి. ఆ చిప్‌లో ప్రతిధ్వనిని 16 మిల్లీసెకన్ల మెట్లలో పెంచుకోవచ్చు, ప్రతి మెట్టూ 2 కిలోబైట్లు తింటుంది, గరిష్ఠంగా 240 మిల్లీసెకన్లకు 30 కిలోబైట్లు పోతాయి. అంటే మంచు గుహ ఎంత విశాలంగా వినిపించాలనుకుంటే అందులో వాయించడానికి అన్ని వాద్యాలు తగ్గించుకోవాలి. ఖాళీ స్థలం వినిపించడానికి నిజంగానే స్థలం ఖర్చయ్యే యంత్రం అది.

ఈ ఇరుకులో డేవిడ్ వైజ్ కూర్చిన 'ఇన్ ఎ స్నో-బౌండ్ ల్యాండ్' వింటే, ఆ పరిమితిని మరిచిపోయేంత వెడల్పుగా ఉంటుంది. ఆర్కిటిక్ అబిస్, క్లాపర్స్ కావర్న్ వంటి మంచు గుహల్లో వచ్చే ఈ బాణీలో ఉల్లాసం తక్కువ, ఏదో పోగొట్టుకున్న భావం ఎక్కువ. కార్టూన్ కోతులు ముళ్లమీద పడకుండా దూకే గేమ్‌కు ఇంత దిగులు అవసరమా అని మొదట అనిపిస్తుంది. అవసరమేనని నా సమాధానం. లెవెల్ కష్టమైనది కాబట్టి చాలాసార్లు ఓడిపోతాం, ఉషారైన బాణీ అయితే మనల్ని ఎగతాళి చేస్తున్నట్టు ఉండేది. ఇది పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

మొదటి భాగంలోని 'నార్తర్న్ హెమిస్ఫియర్స్' దీనికన్నా గంభీరం, ముప్పు పొంచి ఉన్నట్టు సాగుతుంది. స్నో బారెల్ బ్లాస్ట్ లెవెల్‌లో తేలికగా మొదలైన హిమపాతం ముందుకు వెళ్లేకొద్దీ తెరను కమ్మేస్తుంటే ఆ బాణీ తప్ప మరేదీ అతకదు. విడిగా వినడానికి మాత్రం నేను రెండో భాగం వైపే మొగ్గుతాను.

మువ్వల జంట: సూపర్ మారియో 64, బాంజో-కజూయీ

పిల్లలతో కలిసి వినడానికైనా, ఇంట్లో కాస్త సందడి కోసమైనా ఈ రెండింటిలో ఒకటి చాలు. రెండూ నింటెండో 64 గేములే, రెండింటిలోనూ మువ్వలున్నాయి, అయినా కూర్పు పద్ధతి వేరు.

కోజీ కొండో సూపర్ మారియో 64కు కూర్చిన మంచు కొండ బాణీ నిజానికి కొత్త వరుస కాదు. గేమ్ మొదటి లెవెల్‌లో వినిపించే ప్రధాన వరుసనే వేరే వేషంలో మళ్లీ వాడుకున్నారు. అదే వరుస జారుడుబండల దగ్గర పల్లెపాట హుషారుతో పరుగెత్తుతుంది, మంచు కొండమీద మువ్వలు కట్టుకుని నింపాదిగా నడుస్తుంది. తప్పిపోయిన పెంగ్విన్ పిల్లను ఎత్తుకుని తల్లి దగ్గరకు దిగేటప్పుడు వినిపించేది ఈ నెమ్మది రూపమే. ఒకే వరుస వాద్యాలు, లయ మారితే ఎంతగా మారిపోతుందో సంగీతం నేర్చుకునేవారు గమనించడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. వినోదానికి మాత్రం అది త్వరగా అరిగిపోతుంది. లూప్ చిన్నది, వరుస మరీ గుర్తుండేది.

బాంజో-కజూయీలోని ఫ్రీజీజీ పీక్‌కు గ్రాంట్ కర్కోప్ ఇచ్చిన సంగీతం ఈ విసుగుకు ఒక ఉపాయం కనిపెట్టింది. ఒకే బాణీని వేర్వేరు వాద్యాల వరుసలుగా సిద్ధం చేసి, ఆటగాడు ఉన్న చోటును బట్టి కొన్నింటిని తగ్గించి కొన్నింటిని పెంచుతారు. నీళ్లలోకి దూకితే బాణీ ఆగదు, కానీ వాద్యాలు కరిగి మెత్తబడతాయి. పైకి వస్తే మళ్లీ పాత వేషం. మధ్యలో నిలిచిన పెద్ద మంచుబొమ్మ చుట్టూ తిరుగుతూ ఎంతసేపు ఆడినా బాణీ మొద్దుబారకపోవడానికి కారణం ఇదే. అయితే ఆల్బమ్‌లో వినేటప్పుడు ఈ మార్పులు మీ అడుగుల వల్ల జరగవు కనుక సగం సరదా పోతుంది. ఆడేవారికి బాంజో, వినేవారికి మారియో అని కాదు నా సలహా. ఆడే వీలు లేనప్పుడు ఈ జంటను వదిలేసి కింది వాటికి వెళ్లిపోవడమే మంచిది.

స్టార్‌డ్యూ వ్యాలీ: మూడు శీతాకాలపు బాణీలు

ఎరిక్ బరోన్ ఒక్కరే తయారుచేసిన ఈ గేమ్‌కు సంగీతం కూడా ఆయనదే. ఇందులో ఒక్కో రుతువు 28 రోజులు. చివరిదైన శీతాకాలంలో ఆరుబయట మామూలు పంటలు పండవు, అంటే మూడు రుతువులుగా పరుగులు పెట్టిన ఆటగాడికి ఒక్కసారిగా చేతినిండా తీరిక దొరుకుతుంది. 'నాక్టర్న్ ఆఫ్ ఐస్', 'ది విండ్ కెన్ బీ స్టిల్', 'ఏన్షియంట్' అనే మూడు బాణీలు ఆ తీరికకు రాసినవే. ఒక బాణీ ముగిశాక తర్వాతిది వెంటనే మొదలు కాదు, కొంతసేపు గాలి చప్పుడే మిగులుతుంది. ఖాళీని వాడుకోవడంలో ఫెండ్రానాది ఒక పద్ధతి అయితే ఇది మరో పద్ధతి: అక్కడ స్వరాల మధ్య ఖాళీ, ఇక్కడ బాణీల మధ్య ఖాళీ.

చదువుకునేటప్పుడు, రాసుకునేటప్పుడు, నిద్రకు ముందు వినడానికి ఇవి బాగా సరిపోతాయి. ఆల్బమ్‌లో వరుసగా విన్నప్పుడు ఆ గాలి చప్పుడు ఉండదు కాబట్టి మూడింటినీ ఒకేసారి పెట్టుకోకుండా, 'ది విండ్ కెన్ బీ స్టిల్' ఒక్కటే మొదట ప్రయత్నించండి.

సెలెస్ట్

లీనా రైన్ సంగీతం ఇచ్చిన ఈ గేమ్‌లో మంచు కొండ ఒక లెవెల్ కాదు, గేమ్ మొత్తం అదే. కొండ ఎక్కే మాడెలిన్ వందలసార్లు చనిపోతుంది, కానీ ప్రతిసారీ సంగీతం మొదటికి రాదు, ఎక్కడ ఉందో అక్కడి నుంచే సాగిపోతుంది. ఇది చిన్న సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది గానీ దాని ప్రభావం చాలా పెద్దది. ఓటమిని శిక్షగా కాక ఊపిరి తీసుకోవడంగా మార్చింది అదే. మొదటి అధ్యాయంలోని 'ఫస్ట్ స్టెప్స్'లో మెత్తటి సింథసైజర్ స్వరాలు చలిని, పియానో ఆ మనిషిని వినిపిస్తాయని నాకనిపిస్తుంది. ఏడో అధ్యాయంలోని 'రీచ్ ఫర్ ద సమ్మిట్' అంతకుముందు విన్న అధ్యాయాల భావాలను ఒక్కొక్కటిగా తాకుతూ శిఖరం వైపు పెరుగుతుంది. అందుకే దాన్ని ముందుగా, విడిగా వినడం దానికి అన్యాయం చేయడమే. ఏదో ఒక పెద్ద పని మధ్యలో ఉండి, ముందుకు సాగే బలం కావాలనుకునేవారికి ఈ ఆల్బమ్ మొత్తం వరుసగా వినమని చెబుతాను.

ఫ్రాస్ట్‌పంక్

ఇంతవరకు చెప్పినవన్నీ మంచును ఇష్టపడేవారు రాసినట్టు ఉంటాయి, ఇది మంచుకు భయపడినవారు రాసినట్టు ఉంటుంది. గడ్డకట్టిన లోకంలో ఒకే ఒక్క కొలిమి చుట్టూ మిగిలిన జనాన్ని కాపాడుకునే ఈ గేమ్‌కు పియోత్ర్ ముషియావ్ సంగీతం ఇచ్చారు. చివరి తుపాను ముంచుకొచ్చేటప్పుడు 'ద సిటీ మస్ట్ సర్వైవ్' అనే బాణీ తంత్రీవాద్యాలతో అంతకంతకూ బిగుసుకుంటూ సాగుతుంది. గేమ్ ఆడనివారికి కూడా ఇది తగులుతుంది. రోజూ వినే సంగీతంగా మాత్రం పనికిరాదు. ఏడాదికి ఒకసారి, పెద్ద శబ్దంతో, వేరే పనేమీ లేనప్పుడు వినండి.

పట్టికకు వెలుపల

స్కైరిమ్‌ను (2011) మంచు గేమ్ అనవచ్చు గానీ జెరెమీ సోల్ అందులో లెవెల్ బాణీలు రాయలేదు, ఒక లోకపు వాతావరణాన్ని రాశారు. రాత్రివేళ వినిపించే 'సెకుండా' ఒక్కటి చాలు మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి. అండర్‌టేల్‌లో (2015) టోబీ ఫాక్స్ 'స్నోయీ', 'స్నోడిన్ టౌన్' అనే రెండు బాణీలకు ఒకే వరుస వాడారు. అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక రకంగా, ఊరు చేరాక మరో రకంగా అది వినిపిస్తుంది. రెండూ చిన్నవి, వెంటవెంటనే వినదగినవి. పోకెమాన్ డైమండ్, పెర్ల్ (2006) గేముల్లో స్నోపాయింట్ సిటీకి వెళ్లే 216వ, 217వ మార్గాల బాణీకి పగటి రూపం, రాత్రి రూపం వేర్వేరుగా ఉన్నాయి. లోతైన మంచులో కాళ్లు కూరుకుపోయి ప్రయాణం మందగించే ఆ దారిలో రాత్రి రూపమే ఎక్కువ నప్పుతుంది. ఫైనల్ ఫాంటసీ 6 (1994) ఆరంభంలో ముగ్గురు యోధులు యంత్ర కవచాలెక్కి మంచు మైదానంలో నర్షే పట్టణం వైపు నడుస్తుంటే, తెరమీద పేర్లు పడుతుండగా నొబువో ఉయెమాత్సు బాణీ వినిపిస్తుంది. అది మంచు లెవెల్ బాణీ కాదు, కథానాయిక టెర్రా బాణీ. అయినా దాన్ని విన్నప్పుడల్లా నాకు మంచే కనబడుతుంది కాబట్టి ఈ వ్యాసంలోకి దొంగతనంగా తెచ్చాను.

ఎవరికి ఏది

పని చేసుకుంటూ వినేవారికి పోటీ స్టార్‌డ్యూ, ఫెండ్రానాల మధ్యే. పని మాటలతో కూడుకున్నదైతే, అంటే రాయడం, చదవడం అయితే, ఫెండ్రానా మేలు. స్టార్‌డ్యూ బాణీల్లో పాడుకోదగిన వరుసలు అప్పుడప్పుడు ధ్యాస మళ్లిస్తాయి. బొమ్మలు గీయడం, వస్తువులు సర్దడం వంటి చేతిపని అయితే స్టార్‌డ్యూ తోడుగా ఉంటుంది.

వ్యాయామానికి, నడకకు ఐస్‌క్యాప్, చిల్ పెంగ్విన్. ఈ రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే ఐస్‌క్యాప్‌నే తీసుకోండి, ఎందుకంటే దాని లయ అడుగుకు అందుతుంది.

సంగీతం కూర్చడం నేర్చుకునేవారు ముందుగా మారియో వరుస మూడు వేషాలనూ పక్కపక్కన పెట్టి వినాలి, ఆ తర్వాత డాంకీ కాంగ్ రెండు భాగాలకు రావాలి. తక్కువ ఛానెళ్లలో ఏ స్వరాన్ని వదిలేశారో గమనించడం, ఏది వాయించారో గమనించడం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

గేములు ఎప్పుడూ ఆడనివారికి సందర్భం మీద ఆధారపడని బాణీలే ఇవ్వాలి: ఐస్‌క్యాప్, 'ఇన్ ఎ స్నో-బౌండ్ ల్యాండ్', 'ఫస్ట్ స్టెప్స్'. పాత చిప్‌ల ధ్వని చెవికి కొత్త అయితే ఈ మూడింటిలో సెలెస్ట్‌తో మొదలుపెట్టి వెనక్కి నడవడం సులువు.

మూల రూపమా, వాద్యబృందంతో మళ్లీ వాయించిన రూపమా అన్న సందేహం కూడా చాలామందికి వస్తుంది. ఈ బాణీల్లో పాతవాటికి అభిమానులు చేసిన పునఃకల్పనలు లెక్కలేనన్ని దొరుకుతాయి, వాటిలో చాలావరకు ఖాళీలను తంత్రీవాద్యాలతో నింపేస్తాయి. ఐస్‌క్యాప్ అది తట్టుకుంటుంది, డాంకీ కాంగ్ తట్టుకోదు. కాబట్టి మొదట మూల రూపం వినండి; అందులో మీకు నచ్చింది వరుసే అయితే పునఃకల్పనలకు వెళ్లవచ్చు, ధ్వని అయితే అక్కడే ఆగిపోవచ్చు.

ఇంకా తేలకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు ఊగిసలాడుతున్న రెండు బాణీలను తక్కువ శబ్దంతో, ఏదో పని చేసుకుంటూ, ఒక్కొక్కటి మూడు చుట్లు తిరగనివ్వండి. మూడో చుట్టులో మీకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంటే అది కూర్చుని వినవలసిన బాణీ. మూడో చుట్టు ఎప్పుడు మొదలైందో తెలియకపోతే అది వెనుక నడవనివ్వవలసిన బాణీ. రెండోసారికే ఆపేయాలనిపిస్తే దాన్ని గేమ్‌లోనే ఉంచేయండి, అక్కడ కాళ్ల కింద జారే నేల ఉంటుంది కాబట్టి విసుగు తెలియదు.